ఉప్పుకు కట్టిన గోడలు

1791లో కోస్తా జిల్లాల్లో వానలు మొహం చాటేశాయి. 1793 దాకా సాగిన ఆ కరువు కాలంలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు సామర్లకోటలో ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువు చేస్తూనే చుట్టుపక్కల మొక్కలన్నిటినీ పరిశీలించి, బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లతో సహా రాసిపెట్టుకున్నాడు. సముద్రం ఒడ్డున ఉప్పు పర్రల్లో పెరిగే ఒక చిన్న మొక్కను సాల్సోలా ఇండికా అనే శాస్త్రీయ నామంతో వర్ణించాడు. మనవాళ్లు దాన్ని ఇలకూర అంటారు. ఆ కరువులో సముద్రతీరపు పేదలకు తినడానికి దాదాపు ఆ ఆకే దిక్కయిందనీ, వేలమంది ప్రాణాలను అదొక్కటే నిలబెట్టిందనీ ఆయన రాశాడు. ఇప్పటి శాస్త్రవేత్తలు ఈ మొక్కను స్యూడా అనే ప్రజాతిలో చేర్చారు.

వాన లేక వరి ఎండిపోయింది. అదే వాన లేని కాలంలో, నోట్లో పెట్టుకోలేని ఉప్పునీరు ఊరే నేలలో ఇలకూర పచ్చగా నిలిచింది. దాని ఆకు కొరికితే ఉప్పగా ఉంటుంది. కూర వండితే వేరే ఉప్పు అక్కరలేదు. ఆకు రసంలో సోడియం గాఢత సముద్రపు నీటిలో ఉన్నంత ఉంటుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. అంత ఉప్పు కడుపులో పెట్టుకున్న ఆకు సూర్యరశ్మితో పిండిపదార్థం తయారు చేస్తోంది, పూస్తోంది, కాస్తోంది. ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే ఆకునూ వేరునూ కాండాన్నీ అడ్డంగా కోసి లోపలికి చూడాలి. ఈ అధ్యాయంలో చేయబోయేది ఆ పనే.

ముందుగా, ఉప్పు మొక్కకు చేసే హాని ఏమిటో తేల్చుకోవాలి. మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి ఉంచితే మూడోనాటికి ముక్క ఊట విడిచి వడలిపోతుంది. ముక్కలోని కణాల కన్నా బయటి ఉప్పు చిక్కన కాబట్టి నీరు బయటికి నడుస్తుంది. ఉప్పునేలలో వేరుకు జరిగేదీ అదే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటి నుంచి మంచినీటిని లాగాలంటే వాతావరణ పీడనానికి దాదాపు 25 రెట్ల బలం కావాలి. మామూలు పైరుకు అంత బలం లేదు. అందుకే మోకాటి లోతు ఉప్పునీళ్లలో నిలబడ్డ వరి దుబ్బు దాహంతోనే చస్తుంది. ఉప్పు నేలను నీళ్లున్నా ఎండిన నేలగా చూడాలని 19వ శతాబ్దం చివర జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు షింపర్ చెప్పాడు. ఇండోమలయా సముద్రతీరపు మొక్కల మీద 1891లో పుస్తకం వేసిన మనిషి ఆయన. పోటునీటి బురదల్లో పెరిగే మడచెట్టు ఆకు ఎడారి మొక్క ఆకులా మందంగా, తోలులా ఎందుకుంటుందో ఈ మాటతో కొంతవరకు అర్థమవుతుంది.

కొంతవరకే. ఉప్పు వేసే రెండో దెబ్బ కూడా ఉంది. వేరులోకి చొరబడిన సోడియం, క్లోరైడ్ కణంలో పేరుకుంటే ఎంజైములు పనిచేయవు. పొటాషియం ఉండాల్సిన చోట సోడియం కూర్చుంటుంది, ప్రొటీన్ల తయారీ ఆగిపోతుంది. మరి ఇలకూర ఎంజైములు ఉప్పును తట్టుకునే రకమా? చాలాకాలం అందరూ అలాగే అనుకున్నారు. 1970 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో గ్రీన్‌వే, ఆస్మండ్ అనే ఇద్దరూ, ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో ఇలకూరకు దగ్గరి చుట్టమైన స్యూడా మారిటిమా మీద పనిచేస్తున్న టిమ్ ఫ్లవర్స్, ఉప్పు మొక్కల నుంచి ఎంజైములను బయటికి తీసి గాజు గొట్టాల్లో పరీక్షించారు. ఉప్పు కలపగానే చిక్కుడు, బఠాణీ వంటి సాధారణ మొక్కల ఎంజైములు ఎంత చతికిలపడ్డాయో ఇవీ అంతే చతికిలపడ్డాయి.

నా దృష్టిలో ఉప్పు మొక్కల శాస్త్రంలో ఇంతకన్నా ముఖ్యమైన ఫలితం లేదు. జీవరసాయనం స్థాయిలో ఇలకూర ఉప్పును సహించడం లేదు, మన వరిలాగే అదీ ఉప్పుకు భయపడుతుంది. దాని సత్తువంతా కట్టడంలో ఉంది. ఉప్పును ఎక్కడ ఆపాలి, ఎక్కడికి మళ్లించాలి, ఎక్కడ బంధించాలి, ఎక్కడి నుంచి బయటికి తోసెయ్యాలి అన్నది గోడలతో, గదులతో, ద్వారాలతో ఏర్పాటు చేసుకుంది. అందుకే సూక్ష్మదర్శిని కింద పెట్టిన ఒక సన్నటి కోత ఆ మొక్క ఎలాంటి నేలలో నిలబడిందో చాలావరకు చెప్పేస్తుంది.

ఇలకూర ఆకును బ్లేడుతో అడ్డంగా కొయ్యండి. తమలపాకులాగా పలచటి రేకు కాదు, ముక్క గుండ్రంగా వస్తుంది. అంచుల్లో పచ్చటి కణాల పొర, మధ్యలో నీటితో ఉబ్బిన పెద్ద పెద్ద రంగులేని కణాలు. అదే పర్రల్లో నేల మీద పాకే వంగరెడ్డికూర ఆకులోనూ ఇలాంటి ఉబ్బే కనిపిస్తుంది. సాలికోర్నియా జాతుల్లో ఆకు దాదాపు మాయమై, గణుపులు గణుపులుగా కాండమే కండపట్టి ఆకు పని చేస్తుంది. పెద్ద కణం ఒక్కోదానిలో పదింట తొమ్మిది వంతులు రిక్తిక అనే ద్రవపు సంచీ ఆక్రమిస్తుంది. వేరు నుంచి వచ్చిన సోడియం, క్లోరైడ్ ఈ సంచీలోకి వెళ్లి బందీలవుతాయి. ఎంజైములుండే కణద్రవ్యం ఆ సంచీకీ కణపు గోడకీ మధ్య పలచటి పొరగా ఉండి, అందులో ఉప్పు తక్కువగానే ఉంటుంది.

అయితే సంచీలో ఉప్పు చిక్కగా, పక్కనే ఉన్న పొరలో పలచగా ఉంటే పొరలోని నీరు సంచీలోకి పోదా? పోకుండా ఉండటానికి కణద్రవ్యంలో గ్లైసీన్ బీటైన్, ప్రోలీన్ వంటి హానిలేని పదార్థాలను మొక్క తయారు చేసి నింపుకుంటుంది. వీటికి నత్రజని ఖర్చవుతుంది. పలచటి పొరకు సరిపడా తయారు చేసుకుంటే చాలు, మొత్తం కణానికి చేయాలంటే మొక్క దివాలా తీస్తుంది. రిక్తిక అంత పెద్దదిగా ఉండటం వెనక ఈ పొదుపు ఉంది. ఉప్పును మొక్క ఇక్కడ విషంగా దాచిపెట్టి ఊరుకోలేదు, నీటిని లాగే సాధనంగా వాడుకుంటోంది. ఆకులో ఉప్పు చిక్కదనం నేలలోకన్నా ఎక్కువుంటేనే నీరు పైకి ఎక్కుతుంది. ఇలకూరను ఉప్పు లేని నీళ్లతో పెంచి చూస్తే ఆకులు సన్నబడతాయి, ఎదుగుదల తగ్గుతుంది. కొంత ఉప్పు ఉంటేనే అది ఏపుగా ఎదుగుతుంది. ఒకప్పుడు స్పెయిన్ తీరంలో ఈ కుటుంబపు మొక్కలను కాల్చి, ఆ బూడిద నుంచి సబ్బుకూ గాజుకూ కావలసిన సోడా తీసేవారు. ఆకులో ఎంత సోడియం బందీ అయి ఉంటుందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక వేరు దగ్గరికి. ఏ మొక్క వేరులోనైనా బయట వల్కలం, నడుమ నీటిని పైకి పంపే దారువు ఉంటాయి. రెంటికీ మధ్య అంతశ్చర్మం అనే ఒంటివరస కణాల వలయం ఉంటుంది. ఈ కణాల పక్కగోడల్లో నీరు చొరని పదార్థంతో ఒక పట్టీ అల్లుకుని ఉంటుంది. దాన్ని వర్ణించిన జర్మన్ శాస్త్రజ్ఞుడి పేరు మీద కాస్పేరియన్ పట్టీ అంటారు. కణాల సందుల్లోంచి జారుకుంటూ వచ్చే నీరూ లవణాలూ ఇక్కడ ఆగాల్సిందే. లోపలికి పోవాలంటే ప్రాణమున్న కణం పొర దాటాలి, ఏది రావాలో ఏది రాకూడదో ఆ పొర తేలుస్తుంది. సాధారణ మొక్కల్లో ఈ పట్టీ పక్కగోడ మీద సన్నటి గీతలా ఉంటుంది. స్యూడాలో అది రెండు మూడు రెట్లు వెడల్పై దాదాపు గోడ మొత్తాన్నీ కప్పేస్తుంది. యూరప్ ఉప్పునేలల్లో పెరిగే పక్సినెల్లియా అనే గడ్డిలో అంతశ్చర్మం ఒక వరస కాదు, రెండు వరసలు. మడచెట్ల వేళ్లలో లోపలి వలయంతోపాటు పైతోలు కిందా ఇలాంటి కట్టడి పొరలు ఏర్పడతాయి.

ఈ గోడల సామర్థ్యం చూడాలంటే ఉప్పుపొన్నను చూడాలి. కాకినాడ దగ్గరి కోరంగి అడవిలో ఏటి అంచున, కాండం నుంచి వంపుగా దిగిన ఊతవేళ్ల మీద నిలబడి కనిపించే చెట్టు అదే. శాస్త్రీయంగా రైజోఫోరా. చుట్టూ ఉన్న నీటిలోని ఉప్పులో నూటికి తొంభైతొమ్మిది వంతులు దాని వేరు దగ్గరే ఆగిపోతాయి. దారువులో పైకెక్కే నీరు మంచినీటికి దగ్గరగా ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన పెర్ ష్కోలాండర్ అనే శాస్త్రవేత్త 1950ల నుంచి ఈ చెట్ల వెంట పడ్డాడు. వేరుకు విషం పెట్టి, చల్లబరచి చూసినా వడపోత ఆగలేదు. కణాలు శక్తి ఖర్చుపెట్టి ఉప్పును తోసేస్తున్నాయన్న ఊహ దాంతో బలహీనపడింది. పైనుంచి లాగుతున్న బలానికి నీరు గోడలు దాటుతోంది, ఉప్పు దాటలేకపోతోంది. చెన్నై దగ్గర మీంజూరులో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారంలో పంపులు నీటిని పొరల గుండా నెడతాయి. ఉప్పుపొన్న అదే పనిని నెట్టకుండా, లాగి చేస్తుంది.

ఆ లాగుడు బలం ఎంతో కొలవడానికి ష్కోలాండర్ బృందం ఒక పద్ధతి కనిపెట్టింది. కోసిన రెమ్మను గట్టి లోహపు డబ్బాలో పెట్టి, తెగిన కొస మాత్రం బయటికి వచ్చేలా బిగిస్తారు. డబ్బాలోకి వాయువును ఎక్కిస్తూ పోతారు. ఏ పీడనం దగ్గర కొస మీద రసపు బొట్టు మెరుస్తుందో, కొయ్యకముందు చెట్టు లోపల అంత బలంతో నీటిని లాగుతోందన్నమాట. 1965లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం మడజాతి చెట్లలో ఇది వాతావరణ పీడనానికి 35 నుంచి 60 రెట్లు. సముద్రపు నీటి నుంచి మంచినీరు లాగడానికి 25 రెట్లు కావాలని ముందే చెప్పుకున్నాం. లెక్క సరిపోయింది. వృక్షశాస్త్ర ప్రయోగశాలల్లో ఆ డబ్బాను నేటికీ నిత్యం వాడుతున్నారు.

ఇంత బలంగా లాగితే నీటిపోగు తెగిపోయే ప్రమాదం ఉంది. దారునాళంలో గాలిబుడగ ఒకటి పుడితే చాలు, ఆ నాళం నీళ్లకు పనికిరాదు. ఎంత వెడల్పైన నాళం అయితే అంత నష్టం. మడచెట్టు కొయ్య కోతలో అందుకే వెడల్పాటి నాళాలు కొన్ని ఉండే బదులు సన్నటివి గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒకటి పోయినా పక్కది పనిచేస్తుంది. నీరు వేగంగా పారదు, అందుకే చెట్టు నింపాదిగా ఎదుగుతుంది. భద్రత కోసం వేగాన్ని వదులుకోవడం ఉప్పు తీరాన మంచి బేరమే అనాలి.

కొయ్యలో ఇంకో విశేషముంది. కెన్యాలోని గాజీ ఖాతంలో పెరిగే ఉప్పుపొన్న కాండాలను బెల్జియం శాస్త్రవేత్తలు నునుపుగా చెక్కి చూశారు. వానాకాలంలో ఏర్పడిన కొయ్యలో చదరపు మిల్లీమీటరుకు నాళాలు తక్కువ, ఎండాకాలపు కొయ్యలో ఎక్కువ. వానాకాలంలో నది మంచినీరు తెస్తుంది, నేల ఉప్పు పలచబడుతుంది. వేసవిలో చిక్కబడుతుంది. చెట్టు ఆ తేడాను పొర పొరగా తన కొయ్యలో రాసుకుంటూ పోయింది. గోదావరి మొగల్లోనూ ఏటి నీరు ఇలాగే మారుతుంది. వరద రోజుల్లో మొగ దగ్గర నీరు దాదాపు మంచినీరు, ఏప్రిల్–మే నెలల్లో పోటు వచ్చినప్పుడు ఇంచుమించు సముద్రమే. కోరంగిలో నలభై ఏళ్ల ఉప్పుపొన్న ఉంటే నలభై ఏళ్ల వరదలూ వేసవులూ దాని కొయ్యలో ఉండే అవకాశం ఉంది.

తెల్లమడ, నల్లమడ చెట్లలో కొయ్యను ఇలా ఏడాదుల వారీగా చదవడం కుదరదు. అవిసీనియా జాతులవి. వీటి కాండంలో కొయ్యను పెంచే విభాజ్య పొర ఒకటి కాదు, ఒకదాని తరవాత ఒకటిగా కొత్త పొరలు పుడుతూ పోతాయి. అందువల్ల ఆహారాన్ని మోసే పోషక కణజాలం మామూలు చెట్టులోలాగా బెరడు కింద మాత్రమే కాకుండా కొయ్య మధ్యలో కూడా వలలా పరుచుకుని ఉంటుంది. ఆ వలయాలు ఏటేటా ఏర్పడేవి కావు, వాటిని లెక్కపెట్టి వయసు చెప్పలేం. అయితే ఈ వల నాళాల పక్కనే నీటినీ చక్కెరనూ నిల్వ ఉంచుతుంది, బుడగ పట్టిన నాళాన్ని బాగుచేయడానికి ఇది తోడ్పడుతుందని కొందరి అభిప్రాయం. తెల్లమడ ఎర్రసముద్రం ఒడ్డున, పర్షియన్ గల్ఫ్‌లో కూడా బతుకుతుంది. అక్కడి నీటి ఉప్పు మన బంగాళాఖాతం కన్నా ఎక్కువ. ఇలకూర కుటుంబంలోనూ ఈ వరస పొరల కాండమే కనిపించడం గమనించదగ్గది. బంధుత్వం లేని రెండు కుటుంబాలు ఒకే తీరు కట్టడానికి వచ్చాయి.

ఉప్పుపొన్న ఉప్పును గుమ్మంలోనే ఆపేస్తే, తెల్లమడ కొంత లోపలికి రానిస్తుంది. వేరు దగ్గర నూటికి తొంభైకి పైగా ఆపినా, దాని దారురసంలో ఉప్పుపొన్న రసంలోకన్నా పది రెట్ల ఉప్పు ఉంటుంది. రోజంతా ఆ నీరు ఆకుకు చేరి ఆవిరైపోతుంటే ఉప్పు మిగిలిపోతుంది. దాన్ని బయటికి పంపడానికి ఆకు మీద లవణగ్రంథులు ఉన్నాయి. వానలేని రోజున తెల్లమడ ఆకు పైభాగాన్ని వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంటే తెలుస్తుంది. ఎండలో చూస్తే సన్నటి పలుకులు మెరుస్తుంటాయి.

గ్రంథి నిర్మాణం దగ్గర కాస్త ఆగాలి. ఆకు పైచర్మంలో చిన్న గుంట. గుంటలో అడుగున రెండు నుంచి నాలుగు సేకరణ కణాలు, వాటి మీద ఒకే ఒక్క కాడ కణం, దాని నెత్తిన గొడుగులా ఎనిమిది నుంచి పన్నెండు స్రావక కణాలు. పైన మైనపు తొడుగు కాస్త ఉబ్బి, చిల్లులు పడి ఉంటుంది. ఉప్పునీరు ఆ చిల్లుల్లోంచి చెమ్మగా బయటికొస్తుంది. ఈ మొత్తంలో కీలకం కాడ కణమే. దాని పక్కగోడలకు నీరు చొరని పదార్థం పూర్తిగా పట్టి ఉంటుంది. స్రావక కణాలు బయటికి పంపిన ఉప్పు, గోడల సందుల్లోంచి మళ్లీ ఆకులోకి జారిపోకుండా ఆ పూత ఆపుతుంది. అంటే వేరులో కాస్పేరియన్ పట్టీ చేసే పనినే ఆకు కొసన ఈ ఒక్క కణం చేస్తోంది. చెట్టుకు ఆ చివర, ఈ చివర ఒకే ఉపాయం ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ గ్రంథి పరిణామంలో ఒక్కసారి పుట్టింది కాదు. తెల్లమడలో ఒకలా, టామరిక్స్ చెట్లలో ఎనిమిది కణాలతో మరోలా, ఉప్పుగడ్డి జాతుల్లో రెండే కణాలతో ఇంకోలా వేర్వేరుగా ఎన్నోసార్లు పుట్టింది. కణాల సంఖ్య మారినా మైనపు గోడతో బిగించిన ఇరుకు దారి మాత్రం వాటిలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

తెల్లమడ ఆకు తిప్పి చూస్తే అడుగుభాగం బూడిదరంగులో ఉంటుంది. పొట్టి రోమాలు దట్టంగా అల్లుకున్న పొర అది. పత్రరంధ్రాలు ఆ రోమాల కింద దాగి ఉంటాయి. తేమగాలి అక్కడ నిలిచి ఆవిరి తగ్గుతుంది, ఉప్పునీరు రంధ్రాల మీదికి రాదు. పైభాగాన పచ్చటి కణాలకు ముందు రంగులేని కణాల పొరలు కొన్ని ఉండి నీటిని నిల్వ చేస్తాయి. బయటికి పంపిన ఉప్పు వృథా పోతుందనుకోవడానికీ లేదు. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది, వానాకాలంలో వంటింటి ఉప్పు చెమర్చేది అందుకే. ఆస్ట్రేలియాలో తెల్లమడ మీద చేసి 2021లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఆకు మీది ఉప్పు పలుకులు రాత్రి గాలిలోని తేమను పట్టి, ఆ నీటిని ఆకు లోపలికి తీసుకోవడానికి సాయపడతాయి. వర్షం అరుదైన తీరాన అది చిన్న సాయం కాదు.

ఇంతవరకు చెప్పినదంతా విన్నాక, ఉప్పునేల మొక్కలో కనిపించే ప్రతి విశేషమూ ఉప్పు వల్లే వచ్చిందని అనిపించవచ్చు. ఇక్కడ జాగ్రత్త పడాలి. తెల్లమడ చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకు వచ్చే శ్వాసమూలాలనే తీసుకోండి. కోరంగిలో చెక్కబాట మీద నడిచినవారంతా చూసే ఉంటారు. అవి ఉప్పుకు జవాబు కాదు, గాలాడని బురదకు జవాబు. ఉప్పుపొన్న జాతి చెట్టు ఊతవేళ్లదీ ఇదే పని: వాటి మీది రంధ్రాలకు ష్కోలాండర్ గ్రీజు పూసి చూస్తే, బురదలోని వేరు లోపల 15–18 శాతం ఉన్న ఆక్సిజన్ రెండు రోజుల్లో రెండు శాతానికి పడిపోయింది. వేరును కోస్తే లోపల స్పాంజిలా గాలి గదులు కనిపిస్తాయి. అయినా ఉప్పుతో దీనికి సంబంధం లేకపోలేదు. ఆక్సిజన్ అందని వేరు చచ్చిపోతుంది, చచ్చిన వేరుకు ఉప్పును ఆపే శక్తి ఉండదు.

మరో ఉదాహరణ క్వినోవా. ఇప్పుడు హైదరాబాదు దుకాణాల్లో దొరికే ఈ దక్షిణ అమెరికా గింజ ఇలకూర కుటుంబానిదే. దాని లేత ఆకుల నిండా నీటి బుడగల్లాంటి కణాలుంటాయి. ఉప్పును వాటిలో దాచుకుంటుందని పాఠ్యపుస్తకాలు ఏళ్ల తరబడి రాశాయి. బుడగలు తుడిచేస్తే మొక్క ఉప్పును తట్టుకోలేకపోయిందన్న ప్రయోగాలూ వచ్చాయి. ఈ మధ్య కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం వారు బుడగలు అసలే ఏర్పడని క్వినోవా రకాలను పెంచి చూశారు. ఉప్పులో అవి బుడగలున్న వాటితో సమానంగానే పెరిగాయి, పురుగులు మాత్రం బుడగలు లేనివాటినే ఎక్కువగా పట్టాయి. అంటే క్వినోవాలో ఆ బుడగలు పురుగుల నుంచి కాపాడే ఏర్పాటన్నమాట. మడచెట్టు రాలగొట్టే పండుటాకులు ఉప్పును వదిలించుకోవడానికే అన్న మాట కూడా ఇలాగే ప్రచారంలో ఉంది. రాలిన ఆకుల్ని కొలిచి చూసినవారికి, రాలే ముందు ఆకులో ఉప్పు ఒక్కసారిగా పెరిగిన ఆనవాలు దొరకలేదు. కోతలో ఆకారం కనిపిస్తుంది, దాని పని మాత్రం ప్రయోగం చేస్తేనే తేలుతుంది.

మన రైతుకు వీటన్నిటితో ఉన్న సంబంధం చిన్నది కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల చివరి గ్రామాల్లో కాలువ నీరు తగ్గిన ఏడాది ఉప్పునీరు లోపలికి నడిచి వస్తుంది. 1977 నవంబరులో దివిసీమ మీద పడ్డ ఉప్పెన లాంటివి పొలాల్లో ఉప్పును నింపి పోతాయి. నేల ఉప్పును విద్యుత్ వాహకతతో కొలుస్తారు. అది మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. సముద్రపు నీటి వాహకత 50 దాకా ఉంటుంది. వరి వేరులోనూ కాస్పేరియన్ పట్టీ ఉంది. కానీ ఆ గోడలో సందులున్నాయి, పక్కవేళ్లు పుట్టుకొచ్చే చోట్ల గోడ అతుకు సడలుతుంది. ప్రాణమున్న పొరను దాటకుండానే నీటితోపాటు సోడియం ఆ దొడ్డిదారిన దారువులోకి చేరుతుంది. వరిలో ఉప్పు సమస్యకు ఇదొక ముఖ్య కారణమని టిమ్ ఫ్లవర్స్, ఆయన సహచరులు 1980లలోనే చూపించారు.

అందుకే మడచెట్టు నుంచి ఒక జన్యువు తెచ్చి వరిలో పెడితే సరిపోతుందన్న ఆశను నేను పూర్తిగా పంచుకోలేను. చెన్నైలోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ తెల్లమడ జన్యువులతో వరి మీద చేసిన కృషి విలువైనది, కొనసాగాలి కూడా. కానీ ఇప్పటిదాకా చూసిన బలమంతా ఏ ఒక్క అణువులోనో లేదు. గోడల వరసలో, గదుల కొలతలో, నాళాల వెడల్పులో ఉంది. వాటిని నడిపేవి అనేక జన్యువులు. బంగాళాఖాతం నదీముఖాల్లో, ముఖ్యంగా సుందర్‌బన్ బురదల్లో, వరికి సొంత చుట్టమైన అడవి గడ్డి ఒకటి పెరుగుతుంది. ఒరైజా కోఆర్క్‌టేటా దాని పేరు. పోటు వచ్చినప్పుడు ఉప్పునీటిలో మునిగి, పాటులో తేలుతూ బతికే గడ్డి అది. దాని ఆకుల మీది సన్నటి రోమాలు ఉప్పును బయటికి తోస్తాయి. వరి వంశంలోనే ఇంత కట్టడం సాధ్యమైందంటే, ఆశ పెట్టుకోవాల్సిన మొక్క అదేనని నా నమ్మకం.

రెవెన్యూ లెక్కల్లో పర్రభూమి పనికిరాని నేల. చెరువులు తవ్వడానికీ కర్మాగారాలకూ ముందుగా కళ్లు పడేది దాని మీదే. రాక్స్‌బర్గ్ కాలంలో వేలమంది ఆకలి తీర్చిన మొక్క, రేపు వరికి గోడ కట్టడం నేర్పగల గడ్డి రెండూ అలాంటి నేలల్లోవే. కాకినాడ, మచిలీపట్నం, బాపట్ల, నెల్లూరు కళాశాలల్లో వృక్షశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ప్రయోగశాలకు కొని తెచ్చిన స్లయిడ్లతో పాటు మీ తీరపు ఇలకూర వేరునూ, తెల్లమడ ఆకునూ విద్యార్థుల చేత కోయించండి. ఒకే చోటి మొక్కలను వరద తరవాత ఒకసారి, వేసవిలో ఒకసారి కోయించి, కొలతలు రాయించి, ఏటేటా దాచిపెట్టండి. దానికి బ్లేడు, కాస్త సాఫ్రనిన్ రంగు, ఒక సూక్ష్మదర్శిని చాలు.